ఎరుపు-తెలుపు బైబిల్ కవర్ల డబ్బు వెనక్కి ఇస్తున్నాం

మా సంఘం మిషన్ టీం విదేశీ ప్రయాణ ఖర్చుల కోసం మేం అల్లి అమ్మిన బైబిల్ కవర్లలో ఎరుపు-తెలుపు రకం రంగు వదులుతోంది. కొన్నవాళ్లు దయచేసి వాటిని తడపకండి. మిగతా రంగులకు ఏ ఇబ్బందీ లేదు.

శాంపిల్‌గా వచ్చిన దారం ఉండను ఉతికి చూశాకే ఆర్డరిచ్చాం. చుక్క రంగు పోలేదు. తర్వాత వచ్చిన సరుకు మీదా అదే లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) ఉంది. ఫిర్యాదులు మొదలయ్యాక ఒక ఉండ లేబుల్‌ను గోటితో గీరితే, కింద ఇంకో లేబుల్, దాని మీద వేరే నంబరు! తడి తెల్లగుడ్డతో రుద్దగానే గుడ్డ గులాబీ రంగుకు తిరిగింది. నూలుకు రియాక్టివ్ రంగు (పోగుతో రసాయనికంగా కలిసిపోయే రకం) వేశాక, దారానికి పట్టని రంగంతా పోయేదాకా వేడినీళ్లలో ఉతకాలి. ఆ పని సరిగ్గా చేయలేదనే నా అనుమానం. ఉప్పు, వెనిగర్ చిట్కాలు దీనికి పనికిరావు.

దారం పంపినాయన్ని అడిగితే, “చర్చికి సాయంగా కొనేవాళ్లు రంగు చూస్తారా అండీ?” అన్నాడు. ఆ మాట ఇంకా మింగుడుపడటం లేదు. మంచిపని కోసమంటే నాసిరకం చాలనా? మా అక్కచెల్లెళ్లు ఒక్క వరస తప్పినా మొత్తం విప్పి మళ్లీ అల్లుతారు. ఆయన దగ్గర ఇక దారం కొనను, సగం ధరకిచ్చినా సరే.

అసలు నిద్ర పట్టనివ్వనిది డబ్బు సంగతి. మీలో చాలామంది “పోనీలెండి, కానుక అనుకుంటాం” అన్నారు. టికెట్లు బుక్ చేయాల్సిన గడువు దగ్గర పడింది, టీం పెద్దల టెన్షన్ చూస్తున్నాను. ఒప్పేసుకుందామని నాకూ అనిపించింది. కానీ మీరు ఇచ్చింది వస్తువుకు వెల. వస్తువు పాడైతే ఆ వెలను నేనే కానుకగా మార్చేయడం నా వల్ల కాలేదు. యెరూషలేము పేదల కోసం పోగైన చందా విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు. బైబిల్లో 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఉంది. ఆయనకే అంత జాగ్రత్త అవసరమైతే నేనెంత!

అందుకే ముందు మీ డబ్బు మీ చేతికి వస్తుంది. తర్వాత ఇవ్వాలనిపిస్తే నేరుగా సంఘానికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వకపోయినా నేనేమీ అనుకోను. అల్లినవాళ్ల కూలిలో పైసా కోయను, ఆ నష్టం మా షాపుదే.

మెషీన్‌తో అల్లిన కవర్లు తెచ్చి ఆర్డర్లు పూర్తిచేయమని ఒకరు సలహా ఇచ్చారు. క్రోషే (కొక్కెం సూదితో అల్లే అల్లిక) చేత్తో అల్లాల్సిందే, చేత్తో అల్లిందని చెప్పే మీకు అమ్మాను. కొత్తవి ఒకే రంగులో, ప్రతి పెట్టెలోంచీ ఒక ఉండ తీసి ఉతికి చూశాకే మొదలుపెడతాం. ఆలస్యమవుతుంది. కవరు ఫొటో ఒకటి పంపండి చాలు, డబ్బు పంపేస్తాను. పాడైన కవరు వెనక్కి పంపక్కర్లేదు.