ఇంటి పని విలువకు వేరే లెక్క ఎందుకు కట్టరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

జీడీపీ, అంటే దేశంలో ఏడాదిలో జరిగిన ఉత్పత్తి, సేవల మొత్తం విలువ, ఇంత శాతం పెరిగిందని మీ పేపర్లో తరచూ చదువుతుంటాం. అందులో ఎవరి పని కలుస్తుందో, ఎవరిది కలవదో మాత్రం రాయరు. మా పలాసలో ఆడవాళ్లు పొద్దున్నే జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్తారు. పిక్క కొట్టి పప్పు తీసేటప్పుడు జీడి అంటుకుని వేళ్లు నల్లబడతాయి, తోలు ఊడుతుంది, ఆ చేతులతోనే మర్నాడు మళ్లీ పనికి కూర్చుంటారు. ఆ కూలి జీడీపీలో ఉంటుంది. సాయంత్రం అదే మనిషి ఇంటికొచ్చి వండి, అంట్లు తోమి, మంచాన పడ్డ అత్తకు ఒళ్లు తుడిచి అన్నం తినిపిస్తే మాత్రం ఆ కష్టం ఎక్కడా ఉండదు. ఇదే పని పక్కింట్లో జీతానికి చేస్తే లెక్కలోకి వస్తుందట!

డబ్బు చేతులు మారలేదు కదా అంటారు. మరి రైతు తిండికి ఉంచుకున్న ధాన్యానికీ విలువ కట్టి కలుపుతున్నారు, సొంతింట్లో ఉండేవాళ్లకు అద్దె ఎంతయ్యేదో అంచనా వేసి అదీ కలుపుతున్నారు. ఆ ధాన్యాన్ని అన్నం చేసిన మనిషి పనికి ఎందుకు కట్టరు? కొలవడం కష్టమన్న మాట నేను ఒప్పుకోను. జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసేందుకు కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఆరేళ్లు దాటినవారిలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. గంటలు తెలిశాయి, కూలి రేట్లూ తెలుసు.

మా ఉద్దానం ప్రాంతం నుంచి హైదరాబాద్, చెన్నై వలస వెళ్లినవాళ్ల పని విలువ ఆ రాష్ట్రాల లెక్కలోకి పోతుంది. వాళ్ల పిల్లల్ని ఇక్కడ సాకుతున్న ముసలమ్మల కష్టం ఏ రాష్ట్రం లెక్కలోనూ లేదు, నాకు ఎక్కువ బాధ అక్కడే.

జీడీపీని మార్చేయమని అడగడం లేదు. ఉత్పత్తి, ఉపాధి చూసుకోవడానికి ఆ లెక్క కావాలి. దాని పక్కనే జీతం లేని పని విలువను ఏటా వేరే లెక్కగా ప్రభుత్వం ప్రకటించాలి. మీరు కూడా ఈసారి జీడీపీ వార్త వేసినప్పుడు ఇంటి పని ఇందులో కలవలేదని ఒక్క లైను రాయండి, గృహిణులను ‘ఏ పనీ చేయనివారు’ అని దయచేసి రాయకండి.

ఒక పాఠకురాలు,
పలాస, శ్రీకాకుళం జిల్లా