‘సర్వర్ డౌన్’ అంటే సరిపోదు, ఏది ఆగిందో రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఆఫీసులకు నెట్‌వర్క్ లైన్లు వేసి, వాటి బాగోగులు చూసుకోవడం నా వృత్తి. ఈ మధ్య ఒక కార్యాలయం వాళ్లు ఫోన్ చేస్తే వెళ్లాను. గుమ్మానికి ‘సర్వర్ డౌన్’ అని కాగితం అంటించి ఉంది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు పొద్దుటి నుంచి వరండాలో కూర్చుని ఉన్నారు. లోపల బీరువా వెనక ఉన్న నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టె) చూస్తే, రౌటర్ నుంచి వచ్చే కేబుల్ పెట్టిన చోట లైటు వెలగడం లేదు. కనెక్టర్‌కి ఉండే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, కేబుల్ బయటికి జారింది. కొత్త కనెక్టర్‌ని కేబుల్ చివర బిగించి (క్రింప్ చేసి) పెట్టగానే పచ్చ లైటు వెలిగింది, పని మొదలైంది. సర్వర్, అంటే ఆ ఆఫీసు వాడే వెబ్‌సైట్‌ను నడిపే కంప్యూటర్, ఎక్కడో డేటా సెంటర్‌లో (సర్వర్లు ఉంచే చోట) నిక్షేపంగా నడుస్తూనే ఉంది. కానీ ఈ రోజుకి పని కాదని కొందరు అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయారు. కూలి పోయింది, చార్జీలు పోయాయి. నా బాధ అది.

కౌంటర్‌లో కంప్యూటర్‌కీ సర్వర్‌కీ మధ్య చాలా ఉంటాయి. స్విచ్ ఆఫీసులోని కంప్యూటర్లను కలుపుతుంది, రౌటర్ ఆ ఆఫీసును బయటి నెట్‌వర్క్‌తో కలుపుతుంది. వెబ్‌సైట్ పేరు కొడితే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ మెషీన్‌కి ఉండే అంకెల చిరునామా) చెప్పేది డీఎన్‌ఎస్. ఆ అడ్రస్‌కి చేరాక సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పేది పోర్టు నంబరు. అడ్రస్ https అని మొదలయ్యే సైట్లకు మామూలుగా అది 443. (స్విచ్ మీద కేబుల్ పెట్టే సాకెట్‌నీ పోర్టే అంటాం, అది వేరు.) వీటిలో ఏది ఆగినా మన కంటికి పేజీ తెరుచుకోదు, అంతే.

అయితే స్క్రీన్ మీద వచ్చిన మాట చదివితే సగం జబ్బు తెలిసిపోతుంది. ‘టైమ్డ్ అవుట్’ అంటే అటు నుంచి జవాబే రాలేదు. లైను తెగి ఉండొచ్చు, ఫైర్‌వాల్ (అనుమతి లేని రాకపోకలను ఆపే కాపలా) అడ్డుకుని ఉండొచ్చు. ‘రిఫ్యూజ్డ్’ అంటే సాధారణంగా మనం ఆ మెషీన్ దాకా వెళ్లాం, ఆ పోర్టులో మన పిలుపు వినాల్సిన ప్రోగ్రామే నడవడం లేదు. 503 అనే ఎర్రర్ నంబరు వస్తే లైను బాగానే ఉంది, లోడు ఎక్కువై గానీ మెయింటెనెన్స్ వల్ల గానీ ఇప్పుడు పని చేయలేనని అటువైపే చెబుతోంది. విండోస్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే దానికి డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు) నుంచి అడ్రస్ అందలేదు. అప్పుడు ముందు వెతకాల్సింది ఆఫీసు లోపలే, ఎక్కడో ఉన్న సర్వర్ దగ్గర కాదు.

2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మెయింటెనెన్స్ సమయంలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌ను తెంచేసింది. దాంతో వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లకు వెళ్లే దారులు ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయాయి. డీఎన్‌ఎస్ సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్లే దారే లేదు. ఆ సంస్థ ఇదంతా మర్నాడే వివరంగా రాసి బయటపెట్టింది. అంత పెద్ద సంస్థ చెప్పగలిగినప్పుడు మన ఆఫీసులు ఒక వాక్యం రాయలేవా?

వార్తలు రాసేటప్పుడు మీ విలేకరులు కూడా ‘సర్వర్ మొరాయించింది’ అని ఆపేయకుండా, ఆగింది లైనా, ఆఫీసులో స్విచ్చా, అసలు సర్వరేనా అని అడగాలని నా విన్నపం. అధికారులు కూడా గుమ్మం మీది కాగితంలో ఏది ఆగిందో, ఎన్నింటికి ఆగిందో, ఫిర్యాదు ఎవరికి చేశారో, దాని డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) ఎంతో రాయాలి. లైను తెగిందంటే ఇంటికి వెళ్లాలా, కేబుల్ మారుస్తున్నారంటే ఇంకాసేపు కూర్చోవాలా అన్నది వచ్చినవాళ్లే తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్,
నంద్యాల