వాటర్ ల్యాబ్ అన్నగారికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

అమ్మ నిన్న డిశ్చార్జ్ అయింది. ఇంటికొచ్చి రెండు ఇడ్లీలు తిని పడుకుంది. నాకే నిద్ర రావడం లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: అమ్మకు బ్లడ్ క్యాన్సర్. కీమో తర్వాత రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఎన్ని యాంటీబయాటిక్స్ ఇచ్చినా జ్వరం దిగలేదు. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల మీద మచ్చలు కనబడ్డాయి. ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ అన్నారు. వోరికొనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టారు, ఇంకా వారాల తరబడి వాడాలి. ఇది ఎక్కువగా గాలిలోంచే వస్తుందట, అయినా ఇంటి నీళ్లు కూడా ఒకసారి చూపించుకోండి అన్నారు డాక్టరుగారు.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సంప్‌లోకి కుళాయి నీళ్లూ వస్తాయి, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లూ వస్తాయి. ఒక ల్యాబ్‌లో ఇస్తే కోలిఫామ్, ఈ.కోలి బ్యాక్టీరియా లేవు, తాగొచ్చు అని రిపోర్టు ఇచ్చారు. మరి ఫంగస్? "అది మేం చెయ్యమండీ." ఎక్కడ అడిగినా అదే మాట.

ఇంకో ల్యాబ్‌లో ఫోనెత్తిన టెక్నీషియన్ కూడా ముందు అదే అన్నారు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఎవరికమ్మా బాగాలేదు?" అని అడిగారు. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక స్కూటర్ మీద ఐసు వేసిన థర్మాకోల్ పెట్టెతో మా ఇంటికొచ్చారు. సంప్, పై ట్యాంకు, వంటింటి ఫిల్టరు, షవరు, అన్నింటి నీళ్లూ వేర్వేరు సీసాల్లో పట్టారు. షవర్ విప్పి లోపలి నల్లటి జిగురు చూపించారు. "క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చినంత తేలిగ్గా ఈ ఫంగస్ స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, చావవమ్మా, ఈ జిగురులో దాక్కుంటాయి. మనలాంటివాళ్లకి మామూలుగా ఏమీ కాదు. అమ్మగారికి అలా కాదు కదా, షవర్ తుంపర్లతో ఊపిరిలోకి పోతాయి." ఆవిడ ఆస్పత్రిలో ఉండగానే ట్యాంకు కడిగించేయమన్నారు. నీళ్లు బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చి ఇవ్వమన్నారు. షవర్ పూర్తిగా మానేయమన్నారు.

ఫంగస్ బ్యాక్టీరియాలా ఒకటి రెండు రోజుల్లో తేలదు. వారం పైనే ఫంగస్ పెంచే ల్యాబ్ ప్లేట్లు చూసుకుంటూ కూర్చున్నారాయన. ట్యాంకు నీళ్లలోనూ షవర్‌లోనూ ఆస్పర్జిల్లస్, పెనిసిలియం అనే ఇంకో ఫంగస్ కనబడ్డాయి. ఫోన్ చేసి చెప్పి, "దీనివల్లే అమ్మగారికి వచ్చిందని మాత్రం నేను అనలేనమ్మా, అంటే అబద్ధమవుతుంది" అన్నారు. ఎవరో ఒకరి మీద కోపం తీర్చుకుందామని కాచుక్కూర్చున్నాను నేను. ఆ మాటతో చల్లబడ్డాను. ఫీజు ఎంతని అడిగితే, "ఈ టెస్టు మా రేట్ల పట్టికలోనే లేదు, ఏమని బిల్లు రాయను?" అని నవ్వేశారు.

నిజంగానే ఏ పట్టికలోనూ లేదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఫంగస్‌కి హద్దే లేదు. స్వీడన్ వాళ్లు ఒకప్పుడు 100 మిల్లీలీటర్లకు 100 కాలనీలు (ప్లేటు మీద పెరిగే ఫంగస్ చుక్కలు) దాటకూడదని పెట్టుకున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా వేస్తే అందులో ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ పై వరసలోనే ఉంది. కీమో వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో పచ్చి కూరగాయలు వద్దని రాస్తారు, షవర్ గురించి ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? మా అసోసియేషన్‌లో "అందరం తాగుతున్నాం, ఎవరికేమైంది" అన్న పెద్దమనిషికి ఇంతకంటే చెప్పను.

మా ఆయన, తమ్ముడు, అత్తయ్య: మీకు వేరే చెప్పాలా.

అయ్యో, ప్లేట్‌లెట్స్ ఇచ్చిన కుర్రాళ్లిద్దరినీ మర్చిపోయాను! పరీక్షలు పెట్టుకుని కూడా వచ్చారు, మీ అమ్మలకు నా నమస్కారాలు చెప్పండి. రాత్రిపూట వార్డులో నాకు కుర్చీ వేసిన ఆయమ్మకి కూడా. ట్యాంకు కడిగిన వాళ్లకి కూడా. మూడో ఫ్లోర్ అన్నా, మీ నిచ్చెన ఇంకా మా బాల్కనీలోనే ఉంది, రేపు పంపిస్తాను.