ఎండోస్కోపీకి మత్తు కావాలా వద్దా, ముందే చెప్పండి

ఎడిటర్ గారూ నమస్తే,

ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా పైపు దింపి లోపల చూసే పరీక్ష) అనగానే మనవాళ్ళు భయపడిపోయి మత్తు ఇచ్చేయండి డాక్టర్ గారూ అంటారు, కొన్నిచోట్లేమో ఒక్క మాట కూడా అడక్కుండా గొంతులో స్ప్రే కొట్టి పైపు దింపేస్తారు, నాకైతే రెండూ నచ్చవు. అన్నవాహిక చూడటం వరకైతే మామూలుగా 5, 10 నిమిషాల పనే, లిగ్నోకైన్ స్ప్రేతో గొంతు మొద్దుబారాక చాలామంది తట్టుకోగలరు, వాంతొచ్చినట్టు ఉంటది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి గానీ ఊపిరేం ఆగదు, పరీక్షకని లోపల చిన్న ముక్క తీసినా నొప్పి తెలీదు. తిమ్మిరి తగ్గాక టిఫిన్ తినేసి పనికి పోవచ్చు. అదే మిడజోలం, ప్రొపోఫాల్ లాంటి మత్తు మందులు ఇస్తే హాయిగానే ఉంటది, కానీ ఆక్సిజన్, బీపీ చూస్తూ ఉండాలి, తోడు మనిషి కావాలి, ఆ రోజంతా బండి నడపకూడదు, బిల్లూ పెరుగుద్ది. నిద్రలో ఊపిరాగే గురక ఉన్నోళ్ళకి, ఊపిరితిత్తుల జబ్బోళ్ళకి మత్తుతో రిస్క్ ఎక్కువ. అలాగని ఇరుకైన అన్నవాహికని వెడల్పు చేయటం లాంటివి మత్తు లేకుండా చేయించుకోమని నేనైతే చెప్పను. ముక్కులోంచి వెళ్ళే సన్న స్కోపులు కూడా ఉన్నాయి, 5, 6 మిల్లీమీటర్లే (మామూలువి 9, 10 ఉంటాయి), వాటితో వికారం బాగా తక్కువ, మనకెందుకు పెద్దగా వాడరో మరి. కనీసం సంతకం పెట్టించుకునేముందు మత్తుతో, మత్తు లేకుండా రెండు పద్ధతులూ, రెండు రేట్లూ పేషెంటుకి తెలుగులో చెప్పేలా రూల్ పెట్టాలి.

ఒక పాఠకుడు, గుంటూరు