ఏడో ల్యాప్‌ను వదిలేసి నంబర్ వన్ గొడవెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

2025 ఫార్ములా వన్ కార్ రేసుల సీజన్ అయిపోయింది, లాండో నోరిస్ ఛాంపియన్ కూడా అయిపోయాడు, కానీ హైదరాబాద్‌లో ఆ గొడవ మాత్రం ఇంకా చల్లారలేదు. అబుదాబి రేసు మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వార్త చదివాను. పాయింట్లన్నీ సరిగ్గానే ఇచ్చారు: నోరిస్‌కు 423, రెడ్ బుల్ టీమ్ వెర్‌స్టాపెన్‌కు 421, నోరిస్ టీమ్ సహచరుడు పియాస్ట్రికి 410. చివర్లో మాత్రం, నోరిస్, పియాస్ట్రిల టీమ్ మెక్‌లారెన్ ఇద్దరు డ్రైవర్లనూ సమానంగా చూడబోయి చేతికొచ్చిన టైటిల్‌ను పోగొట్టుకునేంత పని చేసింది అని ఒక ముక్క రాసి వదిలేశారు. మీరొక్కరే అన్నారని కాదు. గచ్చిబౌలి వైపు ఏ కెఫేలో స్క్రీన్ పెట్టినా, ఆఫీసు క్యాంటీన్‌లో నలుగురు కూర్చున్నా, చివరికి మామూలుగా నీళ్ల ట్యాంకర్ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా అందరిదీ ఒకటే పాట, "ముందే ఒకణ్ని నంబర్ వన్ చేసి పడేస్తే ఇంత టెన్షన్ ఉండేది కాదు కదా" అని. నంబర్ వన్ అంటే, టీమ్ మొదటి ప్రాధాన్యం ఇచ్చే డ్రైవర్, రెండోవాడు అతనికి దారి ఇవ్వాలి. నాకు ఆ మాట మింగుడు పడటం లేదు, అందుకే ఈ ఉత్తరం.

అందరూ ఎత్తి చూపించే రేసు ఖతార్. నవంబర్ 30, లుసెయిల్ ట్రాక్, మనకు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. 57 ల్యాపుల రేసు. ఒక సెట్ టైర్లతో 25 ల్యాపులకు మించి తిరగకూడదని టైర్లు ఇచ్చే కంపెనీ పిరెల్లీ ముందే షరతు పెట్టింది, అంటే ఎవరైనా సరే టైర్లు మార్చుకోవడానికి కనీసం రెండుసార్లు పిట్‌లోకి రావాల్సిందే, తప్పించుకునే దారి లేదు. ఏడో ల్యాప్‌లో హల్కెన్‌బర్గ్, గ్యాస్లీ కార్లు తగులుకున్నాయి, సేఫ్టీ కార్ వచ్చింది. ఇప్పుడు కాగితం మీద వేసి చూడండి. 57లోంచి 7 తీసేస్తే 50. సరిగ్గా రెండు పాతికలు. అంటే ఆ క్షణాన పిట్‌లోకి వచ్చినవాడికి ఒక స్టాప్ చౌకగా అయిపోతుంది, ఎందుకంటే సేఫ్టీ కార్ వెనకాల అందరూ మెల్లగా పోతుంటారు కాబట్టి పిట్‌లో పోయే సమయం బాగా తగ్గుతుంది, ఆ తర్వాత 32వ ల్యాప్‌లో ఇంకొక్కసారి వస్తే చాలు, రేసు ఒడ్డున పడుతుంది. వెర్‌స్టాపెన్ వచ్చాడు, దాదాపు అందరూ వచ్చారు. ముందున్న పియాస్ట్రి రాలేదు, మూడో స్థానంలో ఉన్న నోరిస్ కూడా రాలేదు. ఆ రెండు కార్లకూ ఇంకా రెండేసి స్టాపులు బాకీ, అవి కూడా రేసు పూర్తి వేగంతో నడుస్తుండగా. వెర్‌స్టాపెన్ గెలిచాడు, పోల్ నుంచి, అంటే అందరికంటే ముందు నుంచి, మొదలెట్టిన పియాస్ట్రి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు, నోరిస్ నాలుగు.

దీనికి మన ఫ్యాన్స్ చెప్పే కారణం ఏంటంటే, టీమ్‌కు ఒకటే పిట్ బాక్స్ ఉంటుంది కాబట్టి ఇద్దరినీ ఒకే ల్యాప్‌లో పిలిస్తే పెట్రోల్ బంకులో ముందు బండికి కొడుతుంటే వెనక బండి నిలబడ్డట్టు నోరిస్ ఆగాలి, అతనికి అన్యాయం జరగకూడదని పియాస్ట్రిని కూడా ఆపేశారు, ఇదంతా సమానత్వం తెచ్చిన తంటా అని. వినడానికి బాగానే ఉంది. కానీ మిగతా వాళ్లందరూ పిట్‌లోకి వస్తారని తాము అనుకోలేదని టీమ్ ప్రిన్సిపల్ ఆండ్రియా స్టెల్లా రేసు తర్వాత చెప్పాడు. ఆ మాట నిజమైతే, మెక్‌లారెన్‌కు ఒకటే కారు ఉన్నా ఇదే పొరపాటు జరిగేది కదా. ఒకవేళ నోరిస్ వెనక నిలబడాల్సి వచ్చినా పోయేది కొన్ని సెకన్లు, రెండు మూడు స్థానాలు. నిలబడకుండా తప్పించుకున్నందుకు పోయింది మాత్రం దాదాపు ఒక మొత్తం పిట్ స్టాప్. పదో తరగతి లెక్క కూడా అక్కర్లేదు దీనికి, కూడికలు తీసివేతలు వస్తే చాలు. పిట్ పక్క గోడ దగ్గర అన్ని కంప్యూటర్లు పెట్టుకుని ఆ తీసివేత దగ్గర బోల్తా పడ్డారు, తిట్టాలంటే దానికి తిట్టండి.

సరే, నంబర్ వన్ వాదుల మాటే విందాం. ఎవర్ని చెయ్యాలి నంబర్ వన్? ఎప్పుడు? ఆగస్టు 31న జాండ్‌వోర్ట్ రేసులో నోరిస్ కారు ఆయిల్ లీకై ఆగిపోయింది, పియాస్ట్రి గెలిచాడు. ఆ సాయంత్రానికి నోరిస్ కంటే పియాస్ట్రి 34 పాయింట్లు ముందున్నాడు, వెర్‌స్టాపెన్ కంటే ఏకంగా 104. "ఇక పియాస్ట్రిదే టైటిల్, నోరిస్ పక్కకు తప్పుకోవాలి" అని అప్పుడు గొంతు చించుకున్నవాళ్లు నాకు బాగా గుర్తున్నారు, ఇప్పుడు నోరిస్‌ను ముందే నంబర్ వన్ చెయ్యాల్సింది అంటున్నదీ వాళ్లే. మెక్‌లారెన్ ఆ రోజు వీళ్ల మాట వినుంటే పియాస్ట్రిని ఎంచుకునేది. అతను బాకు రేసులో మొదటి ల్యాప్‌లోనే గోడకు కొట్టాడు, ఆ తర్వాత వారాల తరబడి పోడియం (మొదటి మూడు స్థానాలు) ముఖం చూడలేదు, చివరికి మూడో స్థానంలో తేలాడు. అంటే నంబర్ వన్‌గా పెట్టుకోవాల్సినవాడు మూడోవాడు, పక్కకు తప్పించాల్సినవాడు ఛాంపియన్. వెర్‌స్టాపెన్ నవ్వుకుంటూ ఐదో టైటిల్ పట్టుకుపోయేవాడు.

2010 కూడా అంతే. ఫెరారీ ఆ ఏడాది మొహమాటం లేకుండా అలోన్సోను నంబర్ వన్ చేసింది. హోకెన్‌హైమ్ రేసులో ముందున్న సహచరుడు మాసాను పక్కకు తప్పుకోమని రేడియోలో సూచించి, లక్ష డాలర్ల జరిమానా కూడా కట్టింది. చివరి రేసు అబుదాబి, అలోన్సోకు 246 పాయింట్లు, రెడ్ బుల్ జట్టులో వెబర్‌కు 238, వెటెల్‌కు 231. వెబర్ తొందరగా పిట్‌లోకి వెళ్లాడు. ఫెరారీ పిట్ గోడ దగ్గర కూర్చున్నవాళ్ల చూపంతా వెబర్ మీదే ఉంది, వెంటనే అలోన్సోను కూడా పిలిచారు, వెబర్‌ను ఆపగలిగారు కూడా. కానీ అలోన్సో బయటికొచ్చి పడింది విటాలీ పెట్రోవ్ వెనకాల, ఆ రెనో కారును రేసు చివరిదాకా దాటలేకపోయాడు. ఏడో స్థానం. ముందు వెటెల్ ప్రశాంతంగా గెలిచి 256తో ఛాంపియన్ అయ్యాడు, అలోన్సో 252 దగ్గర ఆగిపోయాడు. స్పష్టమైన నంబర్ వన్ ఉన్న టీమ్ ఓడిపోయింది. పాయింట్లలో ముందున్న వెబర్‌ను నంబర్ వన్ చెయ్యమని అందరూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా వినని రెడ్ బుల్ గెలిచింది. వినుంటే వెటెల్ ఆ రోజు వెబర్ కోసం బండి నడిపేవాడు.

2007 గురించి అడుగుతారని తెలుసు. ఆ ఏడాది మెక్‌లారెన్‌లో హామిల్టన్, అలోన్సో చెరి 109 దగ్గర ఆగిపోతే 110తో ఫెరారీ డ్రైవర్ రైకోనెన్ ఎగరేసుకుపోయాడు, కాబట్టి ఇద్దరు రాజులు పనికిరారు అంటారు. రెండు రేసులు మిగిలుండగా హామిల్టన్ రైకోనెన్ కంటే 17 పాయింట్లు ముందున్నాడు, అప్పట్లో గెలిస్తే వచ్చేవి పదే. షాంఘైలో వాన టైర్లు లోపలి పొర కనపడేంతగా అరిగిపోతున్నా అతన్ని ట్రాక్ మీదే ఉంచారు, పిలిచేసరికి ఆలస్యమైంది, పిట్ దారి మలుపులో జారి కంకరలో దిగబడిపోయాడు. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, కారు కదలడం లేదు, అతను మార్షల్స్‌కు చేతులతో సైగ చేస్తున్నాడు తొయ్యమని. ఇక్కడ అవతలి పక్షానికి కూడా ఒక పాయింట్ ఇవ్వాలి: ఆ రోజు తాము పోటీ పడింది రైకోనెన్‌తో కాదు, అలోన్సోతో అని టీమ్ అధిపతి రాన్ డెనిస్ నోరు జారాడు. ఇంట్లో పోరు కళ్లకు గంతలు కట్టిందనే మాట అక్కడ కొంత నిజమే. అయినా టైర్ అరిగిపోయిందని చూసి పిలవడానికి ఇంట్లో పోరు లేకపోవడమే కావాలా?

ఇంకో సంగతి. 2025లోనే మోంజా రేసులో నోరిస్ పిట్ స్టాప్ ఆలస్యమైతే, పియాస్ట్రిని రెండో స్థానం తిరిగి ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చాడు. అప్పుడు ఎంత ఎగతాళి చేశారో! "స్కూల్ పిల్లల ఆటలా ఉంది" అన్నారు. రెండో స్థానానికీ మూడో స్థానానికీ తేడా మూడు పాయింట్లు, నోరిస్ టైటిల్ గెలిచింది రెండు పాయింట్లతో. ఆ సమానత్వమే లేకపోతే ఆ మూడూ ఎక్కడివి? అలాగే రెడ్ బుల్ ఏదో తప్పే చెయ్యని టీమ్ అన్నట్టు మాట్లాడుతున్నారు. బార్సిలోనా రేసు చివర్లో సేఫ్టీ కార్ వస్తే వెర్‌స్టాపెన్‌కు పట్టు తక్కువుండే హార్డ్ టైర్లు వేసి పంపారు, చుట్టూ ఉన్నవాళ్లంతా పట్టు ఎక్కువుండే సాఫ్ట్ మీద. మూడో స్థానంలో ఉన్నవాడు వెనకబడ్డాడు, స్థానం మెర్సిడెస్ డ్రైవర్ రస్సెల్‌కు ఇచ్చెయ్యమన్నారు, వెర్‌స్టాపెన్ కోపంతో వెళ్లి రస్సెల్ కారును గుద్దాడు, పది సెకన్ల శిక్షతో పదో స్థానం, ఒకటంటే ఒక్క పాయింట్. అక్కడ రెడ్ బుల్‌కు ఒక్కడే రాజు. ఏం లాభం?

ఖతార్‌లోనే జరిగిన ఇంకోటి కూడా రాయాలి, ఇది మాత్రం చదువుతుంటే సిగ్గేసింది. చివరి ల్యాప్‌కు ముందు మెర్సిడెస్ కుర్రాడు ఆంటొనెల్లీ మలుపులో కాస్త బయటికి జారాడు, వెనకున్న నోరిస్ దాటేశాడు, పది పాయింట్ల బదులు పన్నెండు వచ్చాయి. కావాలనే వదిలేశాడని రెడ్ బుల్ వాళ్లు నోరు పారేసుకున్నారు, తర్వాత క్షమాపణ చెప్పారు. కానీ ఆ లోపల ఆ పంతొమ్మిదేళ్ల పిల్లాణ్ని నెట్‌లో పట్టుకుని తిట్టిన తిట్లు, ఇంట్లో పెద్దవాళ్ల ముందు చదవలేం. ఆ రెండు పాయింట్లు రాకపోతే ఇద్దరికీ 421, గెలిచిన రేసులు ఎనిమిది ఏడు కాబట్టి వెర్‌స్టాపెన్‌కే టైటిల్, నిజమే. కానీ అలా అయితే అబుదాబిలో నోరిస్ మూడో స్థానంతో సరిపెట్టుకుని హాయిగా కూర్చునేవాడా? అయితే గియితే లెక్కలు వేసుకుంటూ పోతే లాస్ వేగాస్ రేసులో కారు అడుగున ఉండే పలక అరిగిందని మెక్‌లారెన్ కార్లు రెండిటినీ అనర్హుల్ని చేసినప్పుడు పోయిన 30 పాయింట్లు ఎక్కడ రాసుకోవాలి?

ఈ నంబర్ వన్ జబ్బు మనకు కొత్త కాదు. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు పోల్ మిచ్ ఎవాన్స్‌ది. హెయిర్‌పిన్ మలుపులో వెనకనుంచి వచ్చి అతన్ని గుద్దింది ఎవరో కాదు, సొంత జాగ్వార్ టీమ్ సహచరుడు శామ్ బర్డ్. ఇద్దరి రేసూ అక్కడితో సరి. చూసొచ్చినవాళ్లంతా అప్పుడు కూడా ఇదే మాట, టీమ్ ఆర్డర్ ఇచ్చి ఉండాల్సింది అని. బ్రేక్ ఆలస్యంగా తొక్కినవాడికి ఏ ఆర్డర్ ఇస్తారండీ! ఆ రోజు అసలు చూడాల్సిన స్ట్రాటజీ ముందు నడిచింది, జీన్ ఎరిక్ వెర్న్ తన బ్యాటరీలో వెనకున్న కాసిడీ కంటే తక్కువ చార్జ్ పెట్టుకుని కూడా చివరి ల్యాపులు అతన్ని దాటనివ్వకుండా గెలిచాడు. మరుసటి రోజు ఎన్ని చోట్ల వెతికినా దాని గురించి నాలుగు లైన్లు దొరకలేదు, స్టాండ్లలో కూర్చున్న సెలబ్రిటీల ఫొటోలు మాత్రం నిండుగా ఉన్నాయి. (ఆ తర్వాతి ఏడాది రేసు రద్దయి కేసులదాకా వెళ్లింది, అది మీ మొదటి పేజీ వ్యవహారం, నేనేం అనను.)

క్రికెట్‌లో ఏ ఓవర్‌కు ఎవర్ని బౌలింగ్‌కు దింపారో అరపేజీ బొమ్మ వేసి మరీ చెప్తారు మీరు. రేసు దగ్గరికి వచ్చేసరికి గెలిచినవాడి పేరు, షాంపేన్ ఫొటో, "అదృష్టం కలిసొచ్చింది" అని ఒక వాక్యం. ఎక్కువేం అడగను. ఫలితం పక్కన మొదటి ఆరుగురూ ఏ ల్యాప్‌లో పిట్‌లోకి వెళ్లారో, ఏ టైర్ వేసుకున్నారో ఒక చిన్న బాక్సు వెయ్యండి. ఖతార్ మర్నాడు అలాంటి బాక్సు ఉండి ఉంటే 7, 32 అనే రెండు అంకెలు చూడగానే సగం మంది నంబర్ వన్ గొడవ మానేసేవాళ్లు. కొత్త సీజన్ 2026 మార్చి 8న మెల్‌బోర్న్‌లో మొదలవుతుంది, మనకు ఆదివారం పొద్దున్నే రేసు, కాబట్టి డెస్కుకు టైమ్ సరిపోలేదనే ఇబ్బంది కూడా ఉండదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్