విడిభాగాల పరిశ్రమకు ప్లాట్లు చాలవు

సంపాదకుల వారికి,

‘వాహన విడిభాగాల తయారీకి నెల్లూరు అనువు’ అంటూ పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తను చదివిన రోజే ఈ ఉత్తరం రాయవలసింది. కోపం కొంత చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. అది చల్లారే సూచనలు కనిపించడం లేదు కనుక ఇప్పుడే రాస్తున్నాను. జాతీయ రహదారి ఉంది, కృష్ణపట్నం రేవు ఉంది, చెన్నై దగ్గర, భూమికి కొదవ లేదు, కాబట్టి కార్ల కంపెనీలకు సరుకు అందించే అనుబంధ పరిశ్రమలు వాటంతట అవే వస్తాయని సమీక్షా సమావేశంలో పెద్దలు సెలవిచ్చినట్లు అందులో ఉంది. చెరువు తవ్వితే కప్పలు చేరినట్లు ఈ పరిశ్రమలు చేరతాయని వారి నమ్మకం కాబోలు. ప్లాట్ల విస్తీర్ణం ఎకరాలతో సహా వేసిన మీ విలేకరికి, ఏ భాగాన్ని ఎవరి కోసం ఎవరు చేయబోతున్నారని ఒక్క ప్రశ్న అడగాలని తోచకపోవడం మరీ విడ్డూరం.

నేను చెన్నై శివారు అంబత్తూరులో ఒక విడిభాగాల కంపెనీ కొనుగోలు విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తర్వాత కావలిలో ఉంటున్నవాడిని. మరలు, బోల్టులతో సహా లెక్కపెడితే ఒక కారులో సుమారు 30 వేల భాగాలుంటాయి. పేరు మోసిన కార్ల కంపెనీ వాటిలో తన కార్ఖానాలో తాను చేసుకునేవి కొన్నే. పెద్ద రేకు భాగాలను అచ్చు కొట్టుకుని, వెల్డింగు చేసి, రంగు వేసి, అన్నిటినీ బిగించి బయటికి పంపుతుంది. కారు విలువలో సగానికి మించిన సరుకు సరఫరాదారుల దగ్గర నుంచి, వారికి సరుకిచ్చే చిన్న షెడ్ల దగ్గర నుంచి వస్తుంది. ఒక మామూలు బ్రాకెట్టుకైనా ముందు డ్రాయింగు, తర్వాత దాన్ని అచ్చు కొట్టే డై, తర్వాత శాంపిల్ పీసులు, వాటి కొలతల నివేదిక, ఆపైన ట్రయల్, అన్నీ అయ్యాక ఆమోదం. కారు రోడ్డెక్కడానికి రెండు మూడేళ్ల ముందే ఏ భాగం ఎవరిదో తేలిపోతుంది. ఇక్కడ రిబ్బను కత్తిరించే నాటికి అక్కడ ఆర్డర్లు పంచుకోవడం ఎప్పుడో పూర్తయి ఉంటుంది.

కియా సంగతి మన రాష్ట్రంలో అందరికీ తెలిసినదే. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 2019లో పెనుకొండ దగ్గర నుంచి కార్లు బయటికి వచ్చాయి. అంత తక్కువ కాలంలో అది సాధ్యమైందంటే మోబిస్, సుంగ్‌వూ హైటెక్ వంటి కొరియా సరఫరా సంస్థలు దాని వెంటే వచ్చి షెడ్లు వేసుకున్నందువల్లనే. అలవాటైన వారిని వెంట తెచ్చుకున్నందుకు కియాను తప్పు పట్టనక్కరలేదు. మన వారి మాటేమిటని ముందుగా ఆలోచించవలసిన బాధ్యత మాత్రం మన ప్రభుత్వాలది. తడ పక్కన శ్రీసిటీలో ఇసుజు 2016 నుంచి వాహనాలు తయారు చేస్తోంది. నెల్లూరు ఆటోనగర్‌లో తరతరాలుగా లేతు మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలున్నారు. ఈ ఇద్దరికీ మధ్య దూరం వంద కిలోమీటర్ల పైచిలుకే అయినా, ఆ దూరాన్ని కలిపే ప్రయత్నం ఏదీ మా వాళ్ల గడప దాకా రాలేదు. ఈ విషయం ఒక అధికారి దగ్గర ఎత్తితే, 2022లో జిల్లాలను విభజించాక తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయనీ, అది తమ పరిధి కాదనీ జవాబొచ్చింది. బ్రేకు డ్రమ్ముకు జిల్లా సరిహద్దులు వర్తిస్తాయని అప్పటి దాకా నాకు తెలియదు.

పట్టుదల ఉంటే ఎలా ఉంటుందో మారుతీ మొదటి రోజులు చూపించాయి. 1983 డిసెంబరులో తొలి కారు అమ్మినప్పుడు చాలా భాగాలు జపాను నుంచి దిగినవే. స్వదేశీ భాగాల వాటా దశలవారీగా పెంచవలసి రావడంతో ఆ కంపెనీ సీట్లకు, అద్దాలకు, రేకు భాగాలకు, ప్లాస్టిక్ భాగాలకు వేర్వేరు సంస్థలు నిలబడేలా చూసింది. వాటిలో కొన్నిటిలో తానే వాటా పెట్టింది. సుజుకి పద్ధతులను వాళ్లకూ నేర్పించింది. ప్లాటు ఇచ్చి చేతులు దులుపుకుంటే అవి నిలిచేవి కావు.

ఈ బంధం విలువ ఏపాటిదో చెప్పే సంఘటన జపానులో జరిగింది. 1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున కరియా పట్టణంలో, టయోటాకు విడిభాగాలు అందించే ఐసిన్ సంస్థ కార్ఖానా ఒకటి తగలబడింది. బ్రేకులకు వెళ్లే ద్రవ పీడనాన్ని అదుపు చేసే చిన్న వాల్వు అక్కడ తయారయ్యేది. టయోటా కార్లకు కావలసిన ఆ వాల్వులు దాదాపు అన్నీ ఆ ఒక్క చోటి నుంచే రావాలి, టయోటా దగ్గర ఉన్న నిల్వ గంటల లెక్కన సరిపోయేది. చేతిలో ఇమిడేంత చిన్న భాగం లేక జపానులోని టయోటా కార్ఖానాలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. అప్పుడు ఐసిన్ తన డ్రాయింగులను దాచుకోకుండా అడిగిన వారికల్లా ఇచ్చింది. అరవైకి పైగా సంస్థలు, కుట్టు మిషన్లు చేసే బ్రదర్ కంపెనీతో సహా, ధర ఎంతని ముందు అడగకుండా వాల్వులు చేయడానికి కూర్చున్నాయి. కొద్ది రోజుల్లో తొలి వాల్వులు అందాయి, రెండో వారం మొదలయ్యేసరికి ఉత్పత్తి దాదాపు యథాస్థితికి వచ్చింది. అక్కడి సరఫరాదారుకు తన డబ్బు మునిగిపోదని తెలుసు. ధర తర్వాత మాట్లాడుకుందామనే ధైర్యం ఆ నమ్మకం నుంచే వచ్చింది. మన దగ్గర అలాంటి ఆపద వస్తే ముందు కదిలేది సరఫరాదారు బిల్లులో కోత కోసే డెబిట్ నోటు.

దీనికి విరుద్ధమైన పాఠం 2021లో ప్రపంచమంతా నేర్చుకుంది. కరోనా మొదలవగానే కార్ల కంపెనీలు తమ చిప్పుల ఆర్డర్లను తెగ్గోసుకున్నాయి, చిప్పుల తయారీదారులు తమ సామర్థ్యాన్ని కంప్యూటర్లకు, ఫోన్లకు మళ్లించారు, తీరా కార్లకు గిరాకీ వచ్చేసరికి వరుసలో కార్ల కంపెనీలు చివర నిలబడ్డాయి. ఆ సెప్టెంబరులో మారుతీ తన మామూలు ఉత్పత్తిలో నలభై శాతం దగ్గరే ఆగవలసి వచ్చింది. అదే నెలలో ఫోర్డు మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్లు ప్రకటించినప్పుడు చెన్నై దగ్గర దాని కార్ఖానా ఉన్న మరైమలై నగర్ చుట్టూ దాన్నే నమ్ముకుని డైలు, భాగాలను పట్టి ఉంచే ఫిక్చర్లు చేయించుకున్న చిన్న షెడ్ల వారు ఏమైపోవాలో ఎవరూ చెప్పలేదు.

ఇక మన ఆటోనగర్ సంగతి. మా ఊరి వైపు ఒక చిన్న షెడ్డు యజమాని చెన్నై శివారులోని ఒక మధ్యస్థాయి సరఫరాదారుకు బుష్‌లు, అంటే ఇరుసుల చుట్టూ తొడిగే చిన్న గొట్టాలు, చేసి పంపుతాడు. ఉక్కు ధర పెరిగితే ఆ భారం అతనిదే. ఏటా ధర తగ్గించమని మెయిలు వస్తుంది. ఒక పీసును సరిగ్గా కొలిపించుకోవాలంటే అతను అంబత్తూరు బస్సెక్కాలి. బిల్లు మాత్రం మూడు నాలుగు నెలలకు గాని రాదు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్న సరుకుకు ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని, ఆలస్యం చేస్తే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ గడువు దాటితే, నిజంగా చెల్లించిన ఏడాది దాకా ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోకూడదనే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు చిన్న సంస్థల బిల్లుల మీద బ్యాంకులు ముందే డబ్బు ఇచ్చే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో చేరాలని 2024 నవంబరులో కేంద్రం ఆదేశించింది. ఇన్ని ఉన్నా ఆ యజమాని ఫిర్యాదు చేయడు, చేస్తే మరుసటి నెల షెడ్యూలు, అంటే ఆర్డరు, రాదని అతనికి తెలుసు. ఈ భయాన్ని పోగొట్టడానికి ఏ అధికారీ ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు. అవగాహన సదస్సులకు మాత్రం లోటు లేదు. పోయినేడు ఒక సదస్సుకు నన్నూ పిలిచారు. వేదిక మీద శాలువాలు కప్పుకోవడానికి పట్టిన సమయంలో పావు వంతు కూడా చట్టం గురించి మాట్లాడటానికి పట్టలేదు. జిల్లాలోని ఒక ఐటీఐలో కొన్న, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషను, నేర్పేవాడు లేడని గుడ్డ కప్పుకుని ఉంది. కొత్తగా వచ్చే విద్యుత్ కార్లలో ఇంజను భాగాలే ఉండవు గనుక ఇప్పుడున్న పనిలోనూ కొంత పోతుందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

2025 జనవరి 8న ప్రధాని విశాఖ నుంచి కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి శంకుస్థాపన చేశారు. సంతోషమే. అక్కడికి రేపు ఒక వాహన కంపెనీ వచ్చినా, మొదటి రోజు నుంచే స్థానిక షెడ్లకు ఏ భాగాలు ఇస్తారో, ఎవరికి శిక్షణ ఇస్తారో, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలి. భూమి ధరలో రాయితీ ఇచ్చేటప్పుడు ఈ మాట అడగడానికి నోరు రాకపోతే, తర్వాత ఎవరు అడిగినా వినిపించుకోరు. నెల్లూరు, ఒంగోలు ఆటోనగర్లలో ఏదో ఒక చోటైనా కొలతల ప్రయోగశాల, డైలు తయారుచేసే చిన్న టూల్ రూము పెట్టడం ఒక పైవంతెన ఖర్చులో ఎన్నో వంతు కూడా కాదు.

మీ విలేకరికి ఒక పని అప్పగించమని మనవి. ఆలస్యమైన చెల్లింపుల మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న పరిశ్రమలు, ఇలాంటి బకాయి వివాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఎన్ని అర్జీలు పెట్టుకున్నాయో, వాటిలో చట్టం చెప్పిన 90 రోజుల్లో ఎన్ని తేలాయో అడిగించి, ఎకరాల లెక్క వేసిన అదే జిల్లా పేజీలో వేయండి.

భవదీయుడు,
విశ్రాంత కొనుగోలు విభాగ ఉద్యోగి,
కావలి