వేడిగా ఉందని ఆ దీపం ఆర్పకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండల్లో జంతువుల సంరక్షణ మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నీడ గురించి, తాగే నీళ్ల గురించి చక్కగా రాశారు. కానీ సరీసృపాల ఎన్‌క్లోజర్లలో, అంటే అవి ఉండే గూళ్లలో, పగటి దీపాలు ఆపేస్తే లోపల చల్లబడుతుందని అందులో ఒక మాట ఉంది. అది చదివాక ఊరుకోలేకపోయాను. నేను పద్దెనిమిదేళ్లు ఒక జూలో సరీసృపాల విభాగానికి ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. సరిగ్గా అదే పని ఒకసారి నా చేత్తో నేను చేశాను.

ఎదిగే వయసులో ఉన్న ఒక ఇగువానా (పెద్ద బల్లి) ఉండేది. దాని గూటిలో వేడి, అతినీలలోహిత కాంతి రెండూ ఇచ్చే మెర్క్యురీ బల్బు ఒక్కటే ఉండేది. వేసవిలో లోపలి వేడి మితిమీరింది. బల్బు ఆపమని కేర్‌టేకర్ అడిగాడు, ఆపేశాను. జంతువు హాయిగా ఉన్నట్టే కనిపించింది. రెండు నెలలు దాటాక అతనే పరుగున వచ్చి, "అన్నా, ఇది ఆకు నమల్లేకపోతోంది, కాలి వేళ్లు వణుకుతున్నాయి" అన్నాడు. డాక్టరు గారు దాని దవడను వేలితో మెల్లగా నొక్కితే రబ్బరులా వంగింది. మందులతో, కొత్త దీపంతో అది బతికింది. దవడ వంకర మాత్రం పోలేదు.

అతినీలలోహిత కాంతిలో 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య ఉండే యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితే ఈ జీవుల ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది. అది లేకపోతే మేతలో ఎంత కాల్షియం కలిపినా వంటబట్టదు. అప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఎలుకల్ని మింగే పాములకు డీ విటమిన్ కొంత ఆహారంలోనే దొరుకుతుంది. ఆకులు తినే ఇగువానాకు, తాబేలుకు ఆ దారి లేదు. కిటికీ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అంటారు. మామూలు అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. గది ఎంత వేడిగా ఉన్నా, ఎంత వెలుతురుగా ఉన్నా ఆ లోటు తీరదు.

అందుకే వేడినిచ్చే దీపం వేరు, యూవీబీ ట్యూబ్ వేరు ఉండాలి. వేడి దీపాన్ని వేడిని బట్టి కరెంటు ఆపే థర్మోస్టాట్‌కు కలపాలి, ఎండలు ముదిరితే అదే ఆగిపోతుంది. యూవీబీ ట్యూబ్‌ను మాత్రం టైమర్ మీదే నడపాలి. సన్నని టీ5 ట్యూబ్ చుట్టూ గాలి 35 డిగ్రీలున్నప్పుడే బాగా వెలిగేలా తయారవుతుంది. కాబట్టి ఎండాకాలానికి అది బెదరదు. గాలి ఆడని మూత కింద దాన్ని బిగిస్తే మాత్రం వేడి ఆ మట్టం దాటిపోయి కాంతి తగ్గుతుంది. ట్యూబ్ చోక్‌నూ, ఎల్‌ఈడీ దీపానికి కరెంటు అందించే డ్రైవర్‌నూ గూటి బయట, గాలి తగిలేచోట పెట్టండి. వాటిలోని కెపాసిటర్లకు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక లెక్క. నా అనుభవంలో అది తప్పలేదు.

ఇక తేమ. నా పద్దెనిమిదేళ్లలో ఎక్కువ రోజులు తిన్నది ఇదే. రోజుకు మూడు నాలుగుసార్లు నీటి తుంపర చల్లే గూళ్లలో ఐపీ65 అని రాసి ఉన్న ఫిట్టింగులు పెట్టాం. నీళ్లు ఎటునుంచి చిమ్మినా లోపలికి పోవు. అయినా కొన్నాళ్లకు తెరిస్తే లోపల నీటి బొట్లు, హోల్డర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. సీలు చుట్టూ ఇంకాస్త సిలికాన్ పూశాను, లాభం లేకపోయింది. తర్వాత అర్థమైంది, ఫిట్టింగ్ ఊపిరి తీస్తోంది. దీపం వెలిగినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. ఆర్పాక చల్లబడి, ఏ చిన్న సందు దొరికినా బయటి తేమగాలిని లోపలికి పీలుస్తుంది. ఆ తేమ రాత్రికి నీరవుతుంది. గాలిని వదిలి నీటిని ఆపే బ్రీదర్ గ్లాండ్ బిగించాక ఆ గోల తగ్గింది. వైరును ఫిట్టింగ్‌లోకి పైనుంచి దించకుండా, ముందు కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తిప్పి కలపాలి. వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

చిలుము పట్టిన చోట కనెక్షన్ సరిగా ఉండదు, అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది. దీపం మిణుకుమంటే అందరూ బల్బునే అనుమానిస్తారు. ముందు హోల్డర్ చూడండి. వేడి దీపాలకు పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది గోధుమరంగుకు మారి పెళుసైపోతుంది.

తడి ఉన్నచోట 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, తప్పనిసరి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపేసిన చోటు ఒకటి చూశాను. ఎక్కడో తేమ చేరి కరెంటు లీకవుతోందని అది చెబుతోంది. ఆ లీకు వెతకాలి. తడి చేతుల్తో మేత పెట్టే మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది.

కరెంటు ఒక్క క్షణం పోయొచ్చినా మెర్క్యురీ బల్బు వెంటనే వెలగదు, చల్లారేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. ఇది తెలియక మంచి బల్బులే మాడిపోయాయని పారేసినవాళ్లున్నారు. ముల్లు తిరిగే పాత టైమర్లు కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి అంత ఆలస్యంగా నడుస్తాయి, బ్యాటరీ ఉన్నవి నయం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వెలుగుతూనే పనిచేయని ట్యూబ్. కంటికి కనిపించే వెలుగు తగ్గక ముందే యూవీబీ పడిపోతుంది. పైగా తుంపర చల్లే నీటిలో ఉప్పు ఉంటే ట్యూబ్ మీద తెల్లటి పొర కడుతుంది. ఆర్పి, చల్లారాక మెత్తటి గుడ్డతో తుడవాలి. యూవీ సూచిక చూపే మీటర్‌తో నెలకోసారి, జంతువు ఎండ కాచుకునే రాయి దగ్గరే, దాని వీపు ఎత్తున కొలిచి అంకె రాసుకోవాలి. 2010లో శాస్త్రవేత్త గ్యారీ ఫెర్గూసన్, ఆయన సహచరులు బల్లులు, పాములు ప్రకృతిలో తమంతట తాము ఎంత యూవీలో తిరుగుతాయో కొలిచి నాలుగు జోన్లుగా విడదీశారు. మీ జంతువు ఏ జోన్‌దో తెలుసుకుంటే ఆ అంకె చాలో చాలదో తెలుస్తుంది. మీటర్ లేకపోతే బిగించిన తేదీని ట్యూబ్ చివర రాసిపెట్టి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చేయండి. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది ఉంటుంది.

ఆ ఇగువానాకు వంకర దవడతో ఆకు కొరకడం కష్టమయ్యేది. మేమే సన్నగా తరిగి పెట్టేవాళ్లం. అందుకే అడుగుతున్నాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చే సంచికలోనే, అదే పేజీలో సవరణ వేయండి. చల్లబరచడానికి గాలి ఆడనివ్వమనండి, నీడ పెంచమనండి, వేడి దీపం ఆపమనండి. యూవీబీ ట్యూబ్ జోలికి మాత్రం పోవద్దని రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జూ ఎలక్ట్రీషియన్